గచ్చి మీద ఎండ వంతులు

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, బొంబాయిలో మేము పెరిగిన చాల్, ఆ ఒంటి గదుల పాత భవనం, పడగొట్టే రోజు దగ్గరపడిందనీ, చూడాలనుకుంటే ఈ వారమే రావాలనీ చెప్పాడు. నేను చూడాలనుకోలేదు. కూలబోయే గోడల ముందు నిలబడి ముక్కు చీదుకునే రకాన్ని కాను. అయినా మోకాళ్ల నొప్పులతో సహా బయల్దేరి వెళ్లాను. వెళ్లి, ఒకప్పుడు మేమున్న గది, ఆ ఖోలీ వైపు కూడా చూడకుండా నేరుగా మెట్లెక్కి గచ్చి మీదకు పోయాను. గచ్చి అంటే డాబా. మరాఠీ వాళ్ల మాటే గానీ, కామాటిపుర తెలుగిళ్లలో అది పరాయి మాటని ఎవరికీ తోచేది కాదు. పైన నల్లటి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు, చిరిగిన టార్పాలిన్లు, ఎవరిదో తుప్పు పట్టిన కూలరు ఉన్నాయి. తమ్ముడు ఆయాసపడుతూ వెనకే వచ్చి, "ఏందక్కా, గింత ఎండల ఏం జూస్తున్నవ్?" అన్నాడు. ఎండనే చూస్తున్నానంటే నవ్వుతాడని ఊరుకున్నాను.

మా ఖోలీలోకి ఎండ వచ్చేది కాదు. రెండో అంతస్తులో, లోపలి వైపు, ఎదుటి చాల్ గోడ చేతికి అందేంత దగ్గరగా ఉండేది. పగలు కూడా బల్బు వెలుగుతూనే ఉండాలి. గదిలో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి: కిరోసిన్ స్టవ్వు, జొన్నరొట్టె, మా నాన్న బట్టలకు పట్టిన సున్నం. నాన్న భవనాలకు వెల్ల వేసేవాడు, రంగులు వేసేవాడు. ఆయన తండ్రి, ఆయన తండ్రి తండ్రి పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడలు కట్టినవాళ్లే. మా నాయనమ్మకు కోపం వచ్చినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చేది. "ఎండొచ్చే ఇండ్లన్ని కట్టి మందికిచ్చినం, మనకు జూడు ఏం మిగిలిందో" అని బల్బు వైపు చెయ్యి చూపించేది. ఆమెకు గడియారంతో పని ఉండేది కాదు. నల్లా దగ్గర బిందెల చప్పుడు వింటే తెల్లవారినట్టు, పక్క ఖోలీలో రేడియో ఆగితే మధ్యాహ్నం అయినట్టు లెక్క.

అందుకే మాకు గచ్చి అంటే అంత ప్రాణం. మూడు అంతస్తుల్లో ఉన్న ఇళ్లన్నిటికీ ఎండ దొరికే చోటు అదొక్కటే. నల్లా నీళ్లకు వంతులున్నట్టే ఎండకూ వంతులుండేవి. వేసవి వచ్చిందంటే మిరపకాయలు, వడియాలు, చల్ల మిరపకాయలు, బొంతలు, పరుపులు, అన్నీ వానలు మొదలుకాక ముందే ఎండి కిందికి దిగాలి. ఏ ఇంటికి ఏ రోజు, గచ్చి మీద ఏ మూల, అన్నీ లచ్చవ్వ నోటి మీదే నడిచేవి. ఆమె లెక్కలో ఒక్క నియమానికి మాత్రం తిరుగులేదు. చాల్‌లో బాలింత ఉంటే, వంతు ఎవరిదైనా సరే, పొద్దుటి మొదటి ఎండ ఆ తల్లికీ బిడ్డకూ ఇవ్వాలి. నూనె రాసిన పసివాణ్ణి కాళ్ల మీద వేసుకుని తల్లి కూర్చుంటే, మిగతావాళ్లు మిర్చి మూటలు పట్టుకుని మెట్ల మీద ఓపిగ్గా ఎదురుచూసేవారు. నేను కూడా అలాంటి ఎండలోనే పెరిగానని నాయనమ్మ చెప్పేది.

లచ్చవ్వ మూడో అంతస్తులో ఒంటరిగా ఉండేది. భర్త తాపీమేస్త్రి, పోయి చాలా ఏళ్లయింది. మిరపకాయలు ఎండబెట్టి, రోట్లో దంచి, కారం చేసి చుట్టుపక్కల తెలుగిళ్లకు ఏడాది పొడుగునా అమ్మేది. ఆ వేసవి ఎండే ఆమెకు ఏడాది బతుకు. నల్ల గొడుగు వేసుకుని, కాకుల్ని తోలే కర్ర ఒకటి ఒళ్లో పెట్టుకుని, పొద్దంతా గచ్చి మీదే కూర్చునేది. పిల్లలం ఆమె గొంతు వింటే మెట్ల సగంలోనే ఆగిపోయేవాళ్లం. ఎవరైనా చెప్పుల కాళ్లతో మిర్చి పక్కకు వచ్చారో, వాళ్ల ఏడు తరాల్ని కడిగి ఆరేసేది.

నేను అప్పుడు డిప్లొమా చదువుతున్నాను. మా గల్లీ నుంచి ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లనని నాన్న అందరికీ చెప్పుకునేవాడు, నాకేమో సిగ్గుగా ఉండేది. కాలేజీలో మా మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు కొందరు కలిసి ఎండతో నడిచే బండి ఒకటి కట్టాలనుకున్నారు. విద్యార్థులు తయారుచేసిన అలాంటి బళ్లకు బొంబాయి నుంచి అహ్మదాబాద్ దాకా పోటీ పెట్టారు. మా జట్టుకు నాయకుడు సతీష్ అని దాదర్ మరాఠీ అబ్బాయి. పట్టిన పట్టు విడవడు, మనిషి మంచివాడు. బండికి మూడు సైకిలు చక్రాలు, ఒక మోటారు, ఒక్కరు కూర్చునే చోటు. అందరికంటే బక్కగా ఉన్నానని నడపడానికి నన్ను ఎంచుకున్నారు, నా తెలివిని చూసి కాదు. పోటీ దాకా బరువు పెరగవద్దని సతీష్ చెప్తే, నాయనమ్మ ఆ మాట విని, "ఎండతోని నడిచే బండికి మా పిల్ల ఎండిపోవాల్నా?" అని ఆ పూట ఇంకో రొట్టె ఎక్కువ వేసింది.

ఎండ నుంచి కరెంటు పుట్టించే సెల్స్ తయారుచేసే ఒక కంపెనీ, అంచులు చిట్లాయని పక్కన పెట్టినవి మాకు ఇచ్చింది. అరచేయంత నీలం రేకులు. గట్టిగా పట్టుకుంటే అప్పడంలా విరిగేవి. వాటికి తీగలు అతికే పని నాది. వరసలు వరసలుగా అతికి, అద్దాల మధ్య బిగించి పలకలు చేశాం. ఇక వాటిని రోజుల తరబడి ఎండలో ఉంచి, బ్యాటరీ ఎంత నిండుతుందో చూడాలి. వేసవి సెలవుల్లో కాలేజీ డాబాకు తాళం వేశారు, బండి కట్టుకోవడానికి కింద షెడ్డు మాత్రం ఇచ్చారు. సతీష్ వాళ్ల సొసైటీలో డాబా మీదకు ఎవరినీ పోనివ్వరు. అప్పుడు నేను మా గచ్చి గురించి చెప్పాను. ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగితే మా గల్లీ జనమంతా గ్రాంట్ రోడ్ అని చెప్పి ఊరుకునేవారు. కామాటిపుర అంటే ఊరందరికీ అక్కడి సానివాడే గుర్తొస్తుంది, ఎదుటివాళ్ల ముఖాలు ఎలా మారతాయో మాకు తెలుసు. ఆ రోజు మాత్రం నేను ఉన్నదున్నట్టు చెప్పాను. సతీష్ తల గోక్కుని, "ఎండ బాగా వస్తుందా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు అతనికి ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

లచ్చవ్వను అడగడం అంతకంటే కష్టం.

"లచ్చవ్వా, గచ్చి మీద కొంచెం జాగ గావాలె" అన్నాను.

"ఏమెండవెడ్తవే? మీ నాయనమ్మ మిర్చి పోయిన వారమే ఎండె గద."

"మిర్చి గాదు. అద్దాలు."

"అద్దాలెవలన్న ఎండవెడ్తరా, పోరి?"

"అవి ఎండ తాగి కరెంటిస్తయవ్వా. ఆ కరెంటుతోని బండి నడుస్తది. అమ్దావాద్ దాక పోవాలె."

ఆమె గొడుగు కింది నుంచి నన్ను చాలాసేపు చూసింది. "పెట్రోల్ లేకుంట?"

"లేకుంట."

"ఎవలు నడుపుతరు?"

"నేనే."

"ఎండ నా ఒక్కదాంది గాదు. మాపటీలి నల్లకాడ అందర్నడుగుత" అంది. సాయంత్రం నల్లా దగ్గర ఆమె అడిగిందో ఆజ్ఞాపించిందో నాకు తెలియదు గానీ, మర్నాటికి ఒకరు బొంతల వంతు, ఒకరు వడియాల వంతు వదిలేశారు. కింది అంతస్తులో ఉన్న బాలింత మాత్రం పొద్దుటి ఎండ ఇవ్వనంది. దాన్ని మేమూ అడగలేదు. గచ్చిలో తూర్పు సగం మాకు, పడమటి సగం లచ్చవ్వ మిర్చికి అని తేలింది.

పలకల్ని పాత మంచాల మీద పరిచి, తీగను గోడ వెంట మా ఖోలీలోకి దించాం. బ్యాటరీకి దేవుడి అర కింద తప్ప చోటు లేకపోయింది. పగలంతా మేము కాలేజీ షెడ్డులో బండి పనిలో ఉండేవాళ్లం, ఆదివారాలు కూడా. సాయంత్రం వచ్చి, పలకలు కిందికి దించి, బ్యాటరీకి మోటారు బండి లైటు తగిలించి అది ఎంతసేపు వెలుగుతుందో చూసేవాళ్లం. మొదటి రోజు అది వెలిగినప్పుడు గోడల మీద నాకే తెలియని మరకలన్నీ కనిపించాయి. సతీష్ నాయనమ్మ చేసిన పచ్చిపులుసు తిని కళ్లు తుడుచుకుంటూ ఆ వెలుగునే చూస్తున్నాడు. నాయనమ్మ చేతులు చాపి ఆ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మనింట్లకు ఎండొచ్చె" అని, నాన్న పని నుంచి రాగానే మళ్లీ వెలిగించి చూపించమంది. ఆ గదిలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

కొద్ది రోజులు బాగానే గడిచాయి. తర్వాత లైటు తొందరగా ఎర్రబడి ఆరిపోవడం మొదలైంది. మొదట బ్యాటరీ అనుకున్నాం. మార్చినా అంతే. ఇక మిగిలింది నేను అతికిన తీగలే. ఒక పలక విప్పి మళ్లీ అతికాం, ఆ పనిలో రెండు మూడు సెల్స్ పగిలాయి. సతీష్ నోటితో ఒక్క మాట అనకపోయినా నా చేతుల వైపు చూసేవాడు, అది తిట్టినదానికంటే ఎక్కువ బాధించింది. ఒకరోజు షెడ్డులో ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. సంగతి కులకర్ణి సారు దాకా పోయింది. ఆయన మా జట్టును చూసుకునే మాస్టారు, తక్కువ మాట్లాడేవారు. "ఆదివారం మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. ఇలాగే ఉంటే పోటీ నుంచి పేరు తీసేద్దాం. దారి మధ్యలో ఆడపిల్లను ఎండలో నిలబెట్టలేను" అన్నారు. ఆ వారం నాకు అన్నం సహించలేదు. సతీష్ కోరుకున్నట్టు బరువు మాత్రం పెరగలేదు, తగ్గింది.

ఆదివారం సారునీ సతీష్‌నీ గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నేనే వెంటబెట్టుకొచ్చి, నేరుగా పైకి తీసుకెళ్లాను. నడినెత్తిన ఎండ. పడమటి సగంలో మిరపకాయలు, వాటి మీద పల్చటి పాత చీరలు. తూర్పు సగంలో మా పలకలు, వాటి మీద తెల్లగా ఉతికిన ధోవతి. నాలుగు మూలలా గాలికి ఎగరకుండా అప్పడాల కర్రలు, రాళ్లు. నిద్రపోయే పిల్లలకు కప్పినంత శ్రద్ధగా కప్పి ఉంది. పక్కనే గొడుగు కింద లచ్చవ్వ.

అన్నాళ్లూ మాకిది తెలియకపోవడానికి కారణాలు చిన్నవే. మోకాళ్ల నొప్పులతో నాయనమ్మ పైకెక్కేది కాదు. ఎక్కే మిగతా ఆడవాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. సాయంత్రం మేము వచ్చే వేళకు లచ్చవ్వ తన చీరలతో పాటు ఆ ధోవతినీ మడిచి కిందికి తీసుకెళ్లేది. సతీష్ నోరు తెరిచాడు గానీ, సారు చెయ్యి అడ్డం పెట్టారు. చెప్పులు విప్పి, మిర్చి తొక్కకుండా పక్కగా నడిచి, "ఇది ఎందుకమ్మా కప్పారు?" అని మరాఠీలో అడిగారు. లచ్చవ్వ సగం మరాఠీ సగం తెలుగు కలిపి జవాబిచ్చింది.

"కాకులు సారూ. గలీజు జేస్తున్నయి. ముక్కుతోని పొడుస్తున్నయి. మీ అద్దాలు మస్తు పిరమైనయంట గద, పల్గుతయని కప్పిన."

"గుడ్డ కప్పితే వాటికి ఎండ తగలదు కదమ్మా."

"ఎందుకు తగల్దు? నా మిర్చి ఎండుత లేదా? పల్సటి ధోతి సారూ. గాలిగూడ పోతది."

సారు వంగి, చీర కింది నుంచి ఒక మిరపకాయ తీసి విరిచారు. ఫట్‌మని విరిగింది. "నిజమే" అన్నారు. ఆయన వెక్కిరించలేదు. తెచ్చిన మీటరు తీగలకు తగిలించి, ఆమెను దగ్గరికి రమ్మని ముల్లు చూపించారు. ధోవతి తీశారు. ముల్లు ఒక్కసారిగా చివరిదాకా పోయింది. కప్పారు, వెనక్కి వచ్చింది. లచ్చవ్వ నమ్మలేదు. తనే కప్పి చూసింది, తీసి చూసింది, మళ్లీ కప్పింది. చివరికి ధోవతిని ఒళ్లోకి లాక్కుని మంచం పట్టె మీద కూలబడింది. "గిన్ని దినాలు ఎండకు నేనే అడ్డం నిలవడ్డనా, పద్మా" అంది నా వైపు చూసి.

ఆ ధోవతి ఆమె భర్తది. ట్రంకు పెట్టెలో దాచుకున్నది, ఎవరికీ చూపించనిది. మా అద్దాల కోసం తీసి, ఉతికి, ఎండలో పరిచింది. తన మిర్చికి చిరుగుల చీరలే. నాకు ఏడుపు వచ్చింది. పోటీ ఉందో పోయిందో కూడా ఆ క్షణంలో నాకు గుర్తు లేదు, ఆమె ముఖం చూడలేకపోయాను. సతీష్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. అతనికి వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, "మంచిగున్నది" అని రెండు మూడు సార్లు అన్నాడు.

పలకలు బాగానే ఉన్నాయని సారు తేల్చారు. అయితే పోయిన రోజుల్ని రాబట్టుకోవాలంటే ఇక నుంచి పొద్దున బాలింత వంతు అయింది మొదలు పొద్దు గుంకే దాకా ఎండ తగలాలి. మధ్యాహ్నం దాటాక తూర్పు సగం మీద గచ్చి మధ్యనున్న నీళ్ల ట్యాంకు నీడ పడుతుంది. "ఆ పక్కన అయితే..." అని సారు పడమటి వైపు తిరిగి, మిర్చిని చూసి, మాట సగంలోనే ఆపేశారు. ఆమెను మేమెవ్వరం ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున పలకలు మోసుకుని పైకెక్కేసరికి పడమటి సగం ఖాళీగా ఉంది, ఊడ్చి కూడా ఉంది. మిర్చి మూడో అంతస్తు వరండాలో, ఎండ చారెడు మేర పడే చోట పరిచి ఉంది.

"అవ్వా, నీ మిర్చి?" అన్నాను.

"దానికి గాలి తగుల్తే సాలు. వాన ఇంక దూరమున్నది తియ్యి" అంది.

దూరం లేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అప్పటి నుంచి పోటీ దాకా పొద్దంతా కప్పని అద్దాల పక్కన కూర్చుని కర్రతో కాకుల్ని తోలింది. గొడుగు నీడ అద్దం మీద పడుతుందేమోనని గొడుగు కూడా వేసుకోలేదు.

ఇప్పుడు నేనుంటున్న అపార్ట్‌మెంట్ మీద సోలార్ పలకలు కొల్లలుగా ఉన్నాయి. ఎవరు పెట్టించారో, ఎవరు తుడుస్తారో నాకు తెలియదు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. మా గదుల్లోకి పొద్దంతా ఎండ వస్తుంది, మేము పరదాలు వేసుకుని ఏసీ పెట్టుకుంటాం. ఇందులో ఏడవాల్సిందేమీ లేదు, సుఖంగానే ఉంది. ఆ చీకటి ఖోలీకి తిరిగి పొమ్మంటే నేను పోను. కానీ ఆనాడు ఎండ ఒకరిని అడిగి తీసుకోవలసిన వస్తువు, ఒకరు తన వంతు మానుకుంటే తప్ప ఇంకొకరికి దొరకనిది. నా చదువు, ఆ తర్వాత కరెంటు శాఖలో ఉద్యోగం, ఇప్పుడు తింటున్న పెన్షను, అన్నీ అలా మానుకున్నవాళ్ల వంతుల్లోంచి వచ్చినవేనని ఈ వయసులో బాగా తెలిసివస్తోంది.

మా బండి అహ్మదాబాద్ చేరింది. గెలవలేదు, కానీ చేరిన కొద్ది బళ్లలో మాదీ ఒకటి. సూరత్ దాటాక మబ్బు పట్టి, రోడ్డు పక్కన గేదెల మధ్య చాలాసేపు ఆగిపోయాం. మళ్లీ ఎండ రాగానే కదిలాం. అదే మబ్బు బొంబాయిలో వానైందని మాకు తెలియదు. రైల్లో తిరిగొచ్చి, గ్రాంట్ రోడ్‌లో దిగి, బురదలో ఎగురుకుంటూ ఇంటికి చేరాను. నాయనమ్మ నా తల నిమిరి, కూర్చోబెట్టి, మెల్లగా చెప్పింది. వాన ఏటవాలుగా వరండాలోకి కొట్టిందట. లచ్చవ్వ మిర్చి సగానికి పైగా బూజు పట్టిందట. నాకు చెప్పొద్దని ఆమె ఒట్టు వేయించుకుందట.

మూడో అంతస్తుకు ఎలా ఎక్కానో తెలియదు. ఆమె గడపలో కూర్చుని, నల్లబడిన కాయలు ఒక పక్కకు తోస్తూ, మిగిలినవి చేటలోకి ఏరుతోంది. ఆమె తలెత్తి చూసింది.

"ఉరికిందా?" అంది.

"ఉరికిందవ్వా."

"అమ్దావాద్ దాక?"

"దాక."

"మజ్జల యాడ ఆగలే?"

"ఆగింది. మబ్బు వట్టినప్పుడు. మల్ల ఎండ రాంగనే ఉరికింది."

నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టబోయాను. ఆమె వినలేదు. పక్కకు జరిగి గడపలో నాకు చోటు ఇచ్చి, చేటను ఇద్దరి మధ్యకు లాగింది.

"ఆ ముచ్చట పక్కకువెట్టు. కూసో. ఇందుల మంచియి ఏరుకుంట చెప్పు, మొదటికెల్లి. ఒక్కటి ఇడ్వకు" అంది.

కూర్చున్నాను. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.